బెంచీ మీద లేని పదహారో నంబరు జెర్సీ

ఇది జరిగి నాలుగేళ్లయింది. అప్పుడే రాయాలనిపించింది కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. మా ఊరు వేములఘాట్‌లో చిన్నప్పుడు నన్ను బడికి పంపలేదు. ముగ్గురు తమ్ముళ్లను ఎత్తుకుని తిప్పడమే నా పని. అంకెలు మాత్రం ఎలాగో వచ్చాయి. తర్వాత పనికని సిద్దిపేటకు వచ్చాను. ఊరు ప్రాజెక్టు నీళ్ల కింద పోయాక, యాభై మూడో ఏట, మా హాస్టల్ వార్డెన్ దగ్గర సాయంత్రాలు కూర్చుని అక్షరాలు దిద్దాను. ఒక వాక్యం తప్పుల్లేకుండా రాయడానికి రెండేళ్లు పట్టింది. ఈ నాలుగు పేజీలకు ఇరవై రోజులు పట్టింది.

నేను ఆడపిల్లల హాకీ జట్టుకు కిట్ చూసుకుంటాను. జీతాలు తీసుకుని లీగ్‌లో ఆడే జట్టు మాది. కిట్ అంటే జెర్సీలు, స్టిక్కులు, బంతులు, గోల్‌కీపర్ ఒంటికి కట్టుకునే మెత్తల సామాను. అవి ఉతకడం, ఆరబెట్టడం, ఎవరివి వాళ్లకు అందేలా సర్దడం నా ఉద్యోగం. పేర్లు చదవలేకపోయినా నంబర్లతోనే పదేళ్లు నెట్టుకొచ్చాను.

ఒక లీగ్ అయిపోయి ఇంకోటి మొదలయ్యే దాకా ఉండే నెలలను ఆఫ్‌సీజన్ అంటారు. బయటివాళ్లు అవి సెలవులనుకుంటారు. ఆడేవాళ్లకు అన్నిటికన్నా భయం ఆ నెలల్లోనే. కోచ్‌లు మారేది అప్పుడే, ఎవరిని ఉంచుకోవాలో ఎవరిని పంపాలో తేలేదీ అప్పుడే. ఉంచుకుంటే రిటెయిన్ అంటారు, పంపేస్తే రిలీజ్. క్యాంపులో పిల్లలు అన్నం దగ్గర కూడా ఆ రెండు మాటలే మాట్లాడుకుంటారు.

మా పాత కోచ్ సారు మెత్తటి మనిషి. ఒక పిల్ల మొహం చూసి నువ్వు వద్దు అని చెప్పలేడు. అందుకని ఒక పద్ధతి పెట్టాడు. ఆఖరి రోజు ముందు రాత్రి నాకు నంబర్లు చెప్పేవాడు. పొద్దున్నే ఆ జెర్సీలు మాత్రమే కిట్ గదిలో పొడుగు బెంచీ మీద పరచాలి. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి చూసుకుంటారు. తన నంబరు లేని పిల్ల ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి బట్టలు సర్దుకుంటుంది. సారు మధ్యాహ్నం దాకా ఎవరికీ కనపడడు. నాకు అది సులువైన పద్ధతి అనే అనిపించేది. నేనూ ఎవరికీ నోరు విప్పి చెప్పనక్కరలేదు కదా.

ఆ ఏడు ఆ సారును తీసేశారు. కొత్త కోచ్ విశాఖపట్నం నుంచి వచ్చాడు. లాప్‌టాప్‌లో ఆటలు చూపించేవాడు, పిల్లల్ని కోన్‌ల మధ్య బీప్ మోతకు ఊపిరాడకుండా పరిగెత్తించేవాడు. దాంతో పాటు తన పాత జట్టు నుంచి ఒక గోల్‌కీపర్‌ను వెంట తెచ్చుకున్నాడు. జట్టుకు ఇద్దరు కీపర్లే కావాలి. అప్పటికే మాకు ఇద్దరున్నారు. ఒకరు సీనియర్, రెండో పిల్ల ధూళిమిట్ట నుంచి వచ్చిన అనూష, నంబరు పదహారు. ముగ్గురిలో ఒకరు పోవాలన్నది చెప్పకుండానే అందరికీ తెలుసు.

అనూష వాళ్ల బాపు తాళ్లెక్కి కల్లు గీస్తాడు. ఇంట్లో నెలకు గట్టిగా వచ్చే జీతం ఈ పిల్లదే. ఉంచుకునేవాళ్ల లిస్టు ఆదివారం వస్తుందనగా, శుక్రవారం నేను జెర్సీలు పిండుతుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, సారు నీకేమన్న చెప్పిండా?"

"నాకేం చెప్తడు బిడ్డా. నేను బట్టలు పిండేదాన్ని."

"పాత సారు నీకే చెప్పెటోడు గద."

"గీ సారు లాప్‌టాప్‌కు చెప్తడు. దాన్నడుగు పో."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నేను తల వంచుకుని పని చేసుకున్నాను. ఆ వారమంతా అందరూ నన్నే అడుగుతున్నారు, విసిగి నోటికి తాళం వేసుకున్నాను. నాకు నిజంగానే ఏమీ తెలియదు. కానీ తెలిసి దాస్తున్నట్టుగా ఉంది నా వాలకం. ఆ సంగతి తర్వాత అర్థమైంది.

శనివారం పొద్దున తొమ్మిదింటికి పిల్లల్ని రెండు జట్లు చేసి ట్రయల్ మ్యాచ్ పెట్టారు. మ్యాచ్ ఉన్న రోజు కూడా జెర్సీలు ఆ బెంచీ మీదే పరుస్తాను. ముందు రోజు సాయంత్రం గాలివాన కొట్టింది. గోల్‌కీపర్ జెర్సీ మెత్తల మీద నుంచి వేసుకునేది, పెద్దది, మందం. మిగతావి ఆరాయి కానీ అనూషది ఆరలేదు. ముద్దలాగా ఉన్న బట్ట బెంచీ మీద వేస్తే బాగుండదని వెనకాల తీగ మీదే ఉంచి, మిగిలినవి పరిచేసి కుళాయి దగ్గరికి వెళ్లాను. నా తప్పు అక్కడ జరిగింది. ఆరున్నరకు అనూషతో గదిలో ఉండే మౌనిక పరిగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా, అనూష లేదు! బ్యాగు గుడ లేదు!"

"మైదానంల ఉంటది చూడు."

"లేదు. బెంచీ చూసొచ్చి పండుకున్న నన్ను లేపింది. నా నంబర్ లేదు, నేను పోతున్న అన్నది. నేను నిద్రమబ్బుల ఊ అన్న."

బకెట్ కుళాయి కిందే వదిలేశాను. లిస్టు ఇంకా రానే లేదు. కానీ పదేళ్లుగా ఆ బెంచీ ఈ పిల్లలకు ఏం చెప్తుందో నాకు తెలుసు. బెంచీ మీద జెర్సీ లేదంటే ఎవరైనా అదే అనుకుంటారు.

మౌనిక ఏడుపు గొంతుతో ఇంకో మాట అంది. "ఎనిమిదింటికి హాజరున్నది. చెప్పకుంట పోయిందని రాసుకుంటే ఎన్‌ఓసీ ఇయ్యరు."

ఎన్‌ఓసీ అంటే ఈ పిల్లతో మాకు ఏ పేచీ లేదు, ఇంకో జట్టు తీసుకోవచ్చు అని ఇచ్చే కాగితం. అది లేకపోతే ఆ ఏడు ఏ జట్టూ ముట్టుకోదు. ఇక్కడ పోయినా ఇంకో చోట ఆడుకోవచ్చు, కానీ ఆ కాగితం లేకపోతే ఇంట్లో కూర్చోవాలి.

సారుకు చెప్దామా అనుకున్నాను. చెప్తే వెళ్లిపోయిందని తెలిసిపోతుంది. తీగ మీది తడి జెర్సీ లాగి ప్లాస్టిక్ కవర్లో కుక్కుకుని బస్టాండుకు ఆటో ఎక్కాను. "జర జల్ది పోనీ నాయిన," అని డ్రైవర్‌ను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. "అవ్వా, గిది ఆటో, విమానం గాదు," అన్నాడు. కవర్లోంచి నీళ్లు కారి నా చీర తడుస్తోంది. అనూష ఊరికి పోయే చేర్యాల బస్సు ఏడింటికి. అది దాటితే ధూళిమిట్ట దాకా వెళ్లి తీసుకురావడానికి ఎనిమిది ఎప్పుడో దాటిపోతుంది.

నేను చేరేసరికి ఏడుంపావు దాటింది, అయినా బస్సు కదలలేదు. గోల్‌కీపర్ బ్యాగు మనిషంత ఉంటుంది. దాన్ని లోపల ఎక్కడ పెట్టాలో తెలియక కండక్టర్ కేకలు వేస్తున్నాడు.

"గిండ్ల మనిషినేమన్న పెట్టినవా చెల్లే? గింత పెద్దగున్నది!"

"ఆట సామాన్ అన్నా."

"ఆట సామానైతే డీసీఎం లారీల వెయ్యాలె, బస్సుల గాదు."

నేను పైకెక్కాను. అనూష కిటికీ పక్కన కూర్చుని ఉంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. కవర్లోంచి జెర్సీ తీసి ఒళ్లో పెట్టాను.

"పట్టి చూడు. తడి ఆరలే. అందుకే పర్వలే. ఇంకే సంగతి లేదు."

రెండు చేతులతో దాన్ని పిండింది. నీళ్లు చెప్పుల మీద పడ్డాయి.

"లిస్టు రాలేదా?"

"రాలే. గియ్యాల మ్యాచ్‌కు పర్చిన."

"అయితే నేను టీంల ఉన్ననా పెద్దమ్మా?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాలి. డ్రైవర్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. కండక్టర్, "దిగేటోళ్లు దిగుర్రి," అన్నాడు. తెలియదంటే దిగదని భయం వేసింది.

"ఉన్నవ్ బిడ్డా. దిగు," అన్నాను.

దిగింది. ఎనిమిదికి నాలుగు నిమిషాలుండగా గేటు దాటాం. ఆమె హాజరుకు పోతే నేను ఇస్త్రీ పెట్టె వేడి చేసి జెర్సీ మీద ఆవిరి లేచే దాకా రుద్దాను. హాజరులో పదహారు అన్నప్పుడు ఉన్నాను సార్ అని గట్టిగా పలికింది.

మ్యాచ్ అంతా గోడ పక్కన నిలబడి చూశాను. ఎన్నడూ చూసేదాన్ని కాదు, ఆట సగంలో ఉండగానే నాకు ఉతుకుడు మొదలవుతుంది. గోల్ ముందు గీసిన డి ఆకారపు గీత లోపల తప్పు జరిగితే అవతలి జట్టుకు పెనాల్టీ కార్నర్ ఇస్తారు. గీత మీద నుంచి బంతి తోస్తే ఆపి, గోల్ వైపు బలంగా కొడతారు. అలాంటివి మూడు వచ్చాయి. రెండింటిని అనూష కాలితో తన్నేసింది. మూడోది చేతి పక్క నుంచి పోయింది. బంతి పోయినప్పుడు సారు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఆపినప్పుడు రాశాడో లేదో నేను చూడలేదు. పొద్దున ఈ పిల్ల కనీసం తన భయంతో తాను వెళ్లిపోబోయింది. నేను ఆపి, లేని ధైర్యం ఇచ్చి తెచ్చాను.

సాయంత్రం సారు పిలిచి నంబర్లు చదివాడు. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ విన్నాను. పదిహేను తర్వాత పదిహేడు అన్నాడు.

"సార్, పదహారు మర్చిపోయిన్రు."

"మర్చిపోలేదమ్మా. ఆ అమ్మాయి బాగానే ఆడింది. ముగ్గురు కీపర్లని ఉంచలేను. మొత్తం నలుగురు వెళ్తున్నారు. ఎన్‌ఓసీలు సంతకం పెట్టేశాను, క్యాంపు పూర్తి చేశారు కదా. పాత సారు బెంచీ పద్ధతి ఉందట కదా? అదే బాగుంది. రేపు ఆరింటికి పరిచేయండి."

సరే సార్ అని వచ్చేశాను. కాగితం దక్కింది. ఆ మాట పట్టుకుని మనసును ఊరడించుకోబోయాను, కుదరలేదు. నేను చెప్పింది అబద్ధమని రేపు పొద్దున నా చేతులతో నేనే బెంచీ మీద పరిచి చూపించబోతున్నాను. పదేళ్లలో ఎంతమంది పిల్లలు ఆ బెంచీ ముందు నిలబడి వెనక్కి తిరిగారో ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్లలో ఏ ఒక్కరికీ నేను మొహం చూపించలేదు, కుళాయి దగ్గరే ఉన్నాను. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదే. మనిషి మనిషికి చెప్పవలసిన మాటను బట్టల మీద వదిలేయకూడదు. తెలియనప్పుడు తెలియదనడానికి భయపడకూడదు.

మర్నాడు పొద్దున బెంచీ ఖాళీగానే ఉంచాను. అయిదున్నరకు సారు తలుపు కొట్టాను.

"ఏంటమ్మా, ఏమైంది?"

"నేను పరుస్తలేను సార్. ముగ్గురికి మీరే నోటితోని చెప్పుర్రి. అనూషకు నేను చెప్త. ఆమెకు నేను అబద్ధం చెప్పిన, కాబట్టి నేనే చెప్పాలె."

ఏం అబద్ధమని అడుగుతాడేమో అనుకున్నాను. అడగలేదు, చెప్పులు వేసుకుని పిల్లల గదుల వైపు నడిచాడు.

నేను రెండు గ్లాసుల చాయ్ పట్టుకుని అనూష గదికి వెళ్లాను. లేచే ఉంది. మంచం మీద పక్కన కూర్చున్నాను.

"బిడ్డా, లిస్టుల నువ్వు లేవు. నిన్న బస్సుల ఉన్నవని చెప్పింది అబద్ధం. నాకు తెల్వకుంటనే చెప్పిన."

దుప్పటి మడతపెట్టి పక్కన పెట్టింది.

"నాకు తెలుసు పెద్దమ్మా. నా మొకం చూడకుంటనే చెప్పినవ్ నువ్వు."

"మరెందుకు దిగినవ్?"

"నా కోసం గంత దూరం ఉరికొచ్చిన మనిషి ఇంకెవలున్నరు గీడ?"

ఈసారి ఆమె మొహంలోకే చూస్తూ చాయ్ గ్లాసు ఆమె చేతికిచ్చాను.