కవచం మైనస్ ఒకటి

మా ఆటకు కొత్తగా ఎవరొచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే. "ఏ ఎడిషన్‌తో మొదలుపెట్టారు?" పేరు అడగడం మర్చిపోయిన రోజులున్నాయి గానీ, ఇది అడగకుండా ఎవరినీ కుర్చీలో కూర్చోనిచ్చింది లేదు.

ఇది టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే కథల ఆట. ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో వీరుడు. ఆ వీరుడి బలం, ఆయుధం, కవచం అన్నీ ఒక కాగితం మీద అంకెల్లో ఉంటాయి. దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఆట ఒకటే అయినా రూల్సు పుస్తకం ఎన్నోసార్లు మారింది. మారినప్పుడల్లా అభిమానులు చీలిపోయారు. మూడో ఎడిషన్‌ని సవరించి వేసినదాన్ని 'మూడున్నర' అని ముద్దుగా పిలిచేవాళ్లున్నారు. నాలుగోదాని పేరెత్తితే మొహం చిట్లించేవాళ్లున్నారు. ఐదోదానితో వచ్చినవాళ్లని వీడియోలు చూసి వచ్చిన బాపతు అని చులకన చేసేవాళ్లున్నారు. నేను ఈ చులకన చేసే రకం.

సీతమ్మధారలో మా డెంటిస్టు స్నేహితురాలి క్లినిక్ పైగదిలో ఆదివారం మధ్యాహ్నాలు నలుగురం ఆడేవాళ్లం. నడిపేది నేనే. నా ప్రశ్న నాకే ఎవరైనా తిప్పికొడితే, "రెండోది. చిన్నప్పుడు, మా కజిన్ పుస్తకం" అనేవాణ్ణి.

అలాంటి కజిన్ నాకెవరూ లేడు. లాక్‌డౌన్‌లో మంచం మీద పడుకుని వీడియోలు చూసి నేర్చుకున్నవాణ్ణి. రెండో ఎడిషన్ పుస్తకం చేత్తో ముట్టుకున్న పాపాన పోలేదు. మొదటి ఆదివారం ఆ డెంటిస్టు "మీరు చాలా ఏళ్లుగా ఆడుతున్నట్టున్నారే" అంది. కాదనబుద్ధి కాలేదు. అంతే, ఆ తర్వాత కజిన్ పుట్టాడు.

వైజాగ్ ఉప్పుగాలికి నా పుస్తకం జిగురు వదిలేసి పేజీలు ఊడిపోతుంటే, వన్‌టౌన్‌లో ఒక బైండింగ్ షాపుకి పట్టుకెళ్లాను. తాతల నాటి షాపు. ఇప్పుడు దాన్ని చూసుకుంటున్న ఆయనకి యాభై దాటి ఉంటాయి. నెరిసిన గెడ్డం, గోళ్ల సందుల్లో ఎండిన జిగురు. పుస్తకం అటూ ఇటూ తిప్పి చూసి నవ్వారు.

"మీది కొత్తది బాబూ. దీని పాతది నా దగ్గరుంది."

లోపల్నుంచి తెచ్చి చూపించారు. అంచులు అరిగిన రెండో ఎడిషన్, గుడ్డ వీపుతో ఆయన చేత్తో కుట్టిన బైండు.

"మా అబ్బా ఉన్నప్పుడు ఓడ మీద పన్జేసే ఓ విదేశీ ఆయన బైండింగుకిచ్చి ఎల్లాడు. ఓడ ఎల్లిపోనాది. ఆయన మళ్లీ రానేదు. నానూ మా భాయ్‌జానూ దీన్నే సదూకుని ఆడుకునేవోళ్లం. ఆడు పోయాక నాకు ఆడ్డానికి మనుసులు లేరు."

అన్నగారు పోయి అప్పటికి ఆరేళ్లయిందట. ఆదివారం రమ్మన్నాను. నా ప్రశ్న అడగాల్సిన పనే రాలేదు కదా, ఆ సంగతి నాకు లోపల ఎక్కడో నచ్చలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, ఆయన మా గదిలో అడుగు పెట్టకముందే నాకు ఆయన మీద అసూయ మొదలైంది.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, మా అందరికీ ఖర్జూరాలు పట్టుకుని వచ్చారు. "ఈయనా రెండోదాంతోనే మొదలుపెట్టారు, కజిన్ పుస్తకంతో" అని డెంటిస్టు నన్ను ఆయనకి చూపించింది. అట్టల మధ్య పెట్టి తెచ్చిన వీరుడి కాగితాన్ని జాగ్రత్తగా టేబుల్ మీద పరిచారు. పసుపెక్కిన రూళ్ల కాగితం. రబ్బరుతో చెరిపి చెరిపి కొన్నిచోట్ల పల్చబడింది. పెన్సిల్ రాతలు రెండు చేతులవి. ఒకటి నిలువు, ఒకటి ఏటవాలు.

పెందుర్తి నుంచి వచ్చే మా స్టీల్ ప్లాంట్ స్నేహితుడు తొంగి చూసి, "బావా, ఏటిది, ఈయన కవచం మైనస్ ఒకటుంది" అన్నాడు.

నాకు దొరికింది సందు. పెద్దగా నవ్వాను. "మైనస్‌లో ఉంటే అది కవచం కాదు భాయ్, చిల్లుల బనీను. అంకె ఎంత పెద్దదైతే అంత గట్టిది. ఇంత మాత్రం తెలియకుండా ఇన్నాళ్లూ ఏం ఆడారు?" డెంటిస్టు కూడా నవ్వింది, నేను నవ్వానని.

ఆయన తలెత్తి నా వైపు చూశారు. ఒక్క క్షణం. జేబులోంచి పెన్ను తీసి, ఏటవాలు పెన్సిల్ అంకెని కొట్టేసి, పక్కన ఇరవై ఒకటి అని రాశారు.

"ఇరవై ఒకటా? ఒకేసారి అంత ఆశ పనికిరాదు" అని ఆ కాగితం నా ముందుకి లాక్కుని, ఇరవై ఒకటిని తిరగేసి పన్నెండు చేశాను. నా చేత్తో, నా పెన్నుతో.

"సరే బాబూ. మీరెలా అంటే అలాగే" అన్నారు.

గంట తిరక్కుండానే గుహలో రాతి రాక్షసుడు ఆయన వీరుడి మీద పడ్డాడు. పాచిక మూడుసార్లూ పన్నెండు దాటింది, మూడు దెబ్బలూ తగిలాయి. వీరుడు చచ్చిపోయాడని నేను ప్రకటించాను, కాస్త నాటకీయంగా కూడా. ఆయన కాగితాన్ని మళ్లీ అట్టల మధ్య పెట్టుకుని, నమాజు వేళయిందని చెప్పి, మా అందరికీ సలాం చేసి వెళ్లిపోయారు. ఖర్జూరాలు మేమే తినేశాం.

ఆ సాయంత్రం ఇంట్లో ఫోన్‌లో వెతికాను. పాత ఎడిషన్లలో కవచం లెక్క తలకిందులు. పదితో మొదలై, అంకె తగ్గేకొద్దీ కవచం గట్టిపడుతుంది. సున్నా దాటి మైనస్‌లోకి వెళ్లడమంటే ఏళ్ల తరబడి ఆడి సంపాదించుకోవాల్సిందే. పాత మైనస్ ఒకటి కొత్త లెక్కలో సరిగ్గా ఇరవై ఒకటి. రెండోది ఆడినవాడు నిద్రలో లేపి అడిగినా చెప్పే విషయం. ఇరవై ఒకటి ఉండుంటే రాక్షసుడి దెబ్బ ఒక్కటీ తగిలేది కాదు.

ఆ ఒక్క క్షణం ఆయన నా వైపు ఎందుకు చూశారో అప్పుడర్థమైంది. నా కజిన్ కథ ఆయనకి అక్కడే తెలిసిపోయింది. తెలిసీ నలుగురిలో నా పరువు తీయలేదు. నేను మాత్రం ఆయన పరువు తీశాను.

మూడు రోజులకి ధైర్యం చేసి షాపుకి వెళ్లాను. నా పుస్తకం సిద్ధంగా ఉంది, గుడ్డ వీపుతో. తప్పు నాదేనని చెప్పాను. ఆ చావు లెక్కలోకి రాదు, వెనక్కి తీసుకుందాం అన్నాను.

"వద్దు బాబూ. పడిన పాచిక నానూ మా భాయ్‌జానూ ఎప్పుడూ ఎనక్కి తియ్యనేదు" అన్నారు. కాసేపు బ్రష్షుతో జిగురు పూసి, తలెత్తకుండానే చెప్పారు. "ఆ కాయితం మీదోడు నా మడిసి కాదు. మా భాయ్‌జాన్ ఆడినోడు. ఇరవయ్యేళ్లు బతికించుకున్నాడు. భాయ్‌జాన్ పోయాక ఆ కాయితం దాసి ఉంచాను. ఆ రోజు మీ పుస్తకం సూత్తే, మళ్లీ ఆడదామనిపించింది."

ఏటవాలు రాత ఎవరిదో అప్పుడు తెలిసింది. జిగురు గిన్నె వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఓ మాట అడుగుతాను, ఏటనుకోకండి" అన్నారు. "మీరు ఏ ఎడిషన్‌తో మొదలెట్టారు?"

నేను ఎంతమందినో నిలబెట్టి అడిగిన ప్రశ్న. ఆయన గొంతులో వెటకారం లేదు, నిజంగానే తెలుసుకోవాలనుకున్నారు.

"ఐదోది" అన్నాను. "లాక్‌డౌన్‌లో. వీడియోలు చూసి."

"అందులో తప్పేటుంది? ఆడడం బాగానే ఆడతన్నారు. మీవోళ్లకి అదే సెప్పండి, ఓ మాట. ఆదివారం నాను కొత్త మడిసిని రాసుకుని వత్తాను."

చెప్తానన్నాను. ఒట్టు కూడా పెట్టుకున్నాను.

ఆదివారం ఆయన వచ్చారు. నేనే వెళ్లలేదు. జ్వరం అని గ్రూపులో మెసేజ్ పెట్టి, ఫోన్ బోర్లించి పడుకున్నాను. ఆ తర్వాత ఆదివారం కూడా అంతే. ఇప్పుడు ఆట డెంటిస్టు నడుపుతోంది, ఆయన పాత పుస్తకం పెట్టుకుని, రెండో ఎడిషన్. నా గురించి ఆయన వాళ్లకి ఏమీ చెప్పలేదట. వారం వారం ఖర్జూరాలు పంచుతూ, నా జ్వరం తగ్గిందా అని అడుగుతున్నారట.