పదహారు పెన్సిల్ టిక్కులు

ఆరేళ్ళుగా నా ట్రంకుపెట్టె అడుగున ఒక లైబ్రరీ పుస్తకం ఉంది. తిరిగి ఇవ్వలేదు. పారేయలేదు. దాని పేజీల మధ్య మడిచిన కాగితం ఒకటుంది. ఈ ఆరేళ్ళూ నేను మోసిన బరువు అదే. మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్ళకైతే చెప్పలేను.

నేను ఇంటరు తప్పాను. తరవాత చదివిందంతా అనకాపల్లి లైబ్రరీలోనే. ఎలక్ట్రానిక్స్ పుస్తకాలు మూడంటే మూడు ఉండేవి. మూడూ కంఠస్థం. ఆ చదువుతోనే రెండు వేల మూడులో లైట్ల బోర్డులు తయారుచేసే చిన్న షాపులో పని దొరికింది. ఎర్ర దీపాల మీద అక్షరాలు పరుగెడతాయే, ఆ బోర్డులు. షాపులో కంప్యూటర్ ఒక్కటే. దాని ముందు కుర్చీ నాది. సర్క్యూట్ బొమ్మ నేను గీసి ప్రింటు తీసేవాణ్ణి. ఆ ప్రింటు చూసి తీగలు కట్టి సోల్డరింగ్ చేసేది ఎస్తేరక్క. ఆమె నాకంటే పదేళ్ళు పెద్ద. నన్ను "లైబ్రరీ మాస్టారూ" అని ఆటపట్టించేది. నాకు లోపల గర్వంగానే ఉండేది.

ఎస్తేరక్కకు ఒక అలవాటుంది. ఒక తీగ అతికించగానే కాగితం మీద ఆ గీత పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టేది. అన్నిటికీ టిక్కులు పడ్డాక గాని కుర్చీలోంచి లేచేది కాదు.

ఆ ఏడాది వాళ్ళ చర్చికి బోర్డు కావలసి వచ్చింది. విశాఖపట్నం నుంచి తెప్పిద్దామని పెద్దలు అనుకుంటుంటే, మా షాపులో చేస్తామని తనే వాళ్ళను ఒప్పించింది. ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి సిద్ధం కావాలి. తెలుగు అక్షరాలతో మాకు అదే మొదటి బోర్డు. తెలుగు అక్షరానికి పైనుంచి కిందికి పదహారు వరసల దీపాలు కావాలి. పదహారు వరసలకు పదహారు తీగలు.

బొమ్మలో పదహారు తీగలను విడివిడిగా గీయరు. అన్నిటినీ మూటకట్టినట్టు ఒక లావు గీత గీస్తారు. ఏ తీగ ఏ పిన్నుకు వెళ్తుందో మాత్రం ఒక్కొక్కటిగా కలిపి, పేరు రాయాలి. కొత్తగా వేయించిన సాఫ్ట్‌వేరు ఆ పని తనే చేస్తుందని నేను కనిపెట్టాను. తీగలన్నీ వచ్చి దిగే పిన్నుల దిమ్మను, అంటే కనెక్టరును, ఎంచుకుని మీట నొక్కితే చాలు. పిన్నులన్నీ లావు గీతకు అతుక్కుని, పేర్లు వాటంతటవే వరసగా పడిపోతాయి. గంట పని రెప్పపాటులో అయిపోయింది. షాపులో అందరినీ పిలిచి చూపించాను.

కానీ అంతకు ముందు నేను ఒకటి చేశాను. బొమ్మ అందంగా కనబడాలని కనెక్టరును తలకిందులుగా తిప్పాను. ఒకటో పిన్ను అడుక్కి, పదహారో పిన్ను పైకి వెళ్ళాయి. సాఫ్ట్‌వేరుకు ఏం తెలుసు? తనకు పైన కనబడిన పిన్నుకు మొదటి పేరు పెట్టింది. నేను సరిచూడలేదు. ఎందుకు చూడలేదు? మీట నొక్కితే అయిపోయిన పనిని వేలు పెట్టి లెక్కచూసుకోవడం చదువురానివాళ్ళ పని అనుకున్నాను. ఆ మాట అప్పుడు మనసులో కూడా అనుకుని ఉండను. ఇప్పుడు వెతుకుతుంటే దొరుకుతోంది.

ఎస్తేరక్క మాత్రం చూసింది. "మొదటి వరస తీగ పదహారో పిన్నుకెళ్తందేటి? ఎప్పుడూ ఒకటికే కదా?" అని అడిగింది.

"కంప్యూటర్ కట్టింది అక్కా. దానికి నీలాగ డౌట్లు రావు. ఉన్నది ఉన్నట్టు కట్టీ" అన్నాను.

"సరే బాబూ, సదువుకున్నోడివి" అని నవ్వి, కట్టడం మొదలుపెట్టింది.

షాపులో దీపాలన్నీ ఒకేసారి వెలిగించి చూశాం. అన్నీ వెలిగాయి. అన్నీ వెలిగితే ఏ వరస ఎక్కడుందో ఎవరికి తెలుస్తుంది? అక్షరాలు నింపిన చిప్పు విశాఖపట్నం నుంచి శనివారం సాయంత్రం గాని రాలేదు. నేరుగా చర్చిలోనే బిగించారు.

ఆదివారం ఉదయం అక్క పిలిస్తే నేనూ వెళ్ళాను. అందరి చేతుల్లో ఈతమట్టలు. ముందు వరసలో నిలబడి పాట ఎత్తుకునేది ఆమే. స్విచ్చి వేశారు. హోసన్నా అన్న మాట తలకిందులుగా నడిచింది. పిల్లలు మెడలు వంచి చదవబోయారు. ఎవరో బోర్డునే తిప్పి కట్టమన్నారు. తిప్పితే అద్దంలో అక్షరాల్లా కనబడ్డాయి. నవ్వులు. ఒక పెద్దాయన మాత్రం నవ్వలేదు. "దేవుడి మాటతో ఆటలేటమ్మా ఎస్తేరూ?" అన్నాడు. ఆమె పాట ఎత్తుకోలేదు.

నాకు చూడగానే తెలిసిపోయింది. తిన్నగా షాపుకు వెళ్ళాను. తాళంచెవి నా దగ్గరే ఉండేది. బొమ్మ సరిచేసి, కొత్త ప్రింటు తీసి, ఆమె బల్ల పైన మేకుకు గుచ్చాను. పాతది తీసి నా సంచిలోని లైబ్రరీ పుస్తకంలో పెట్టుకున్నాను. చేతులు వణికాయని రాయాలనుంది. వణకలేదు.

సోమవారం ఓనరు మేకు మీద కాగితం లాగి ఆమె ముందు పెట్టాడు.

"ఏటమ్మా ఇది? కాగితంలో సరిగ్గానే ఉంటే తిరగేసి కట్టేసేవేటి?"

"కాగితంలో ఉన్నట్టే కట్టేనండి" అంది. కాగితం చేతిలోకి తీసుకుంది. చాలాసేపు చూసింది. "ఇది నాది కాదండి. నా టిక్కులేవీ?"

"టిక్కులంట! ఊరందర్లో పరువు తీసేసి టిక్కులడుగుతాంది." నావైపు తిరిగాడు. "ఏరా, నువ్విచ్చిన కాగితం ఇదేనా?"

"అవునండి" అన్నాను.

ఒక్క మాట. ఆమె నావైపు చూసింది. కోపం ఉంటే తట్టుకునేవాణ్ణి. పెద్ద తరగతి పిల్లవాడు లెక్క తప్పు చేస్తే చూసినట్టు, ఆశ్చర్యంగా చూసింది. టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ షాపుకు రాలేదు.

ఉద్యోగం పోతుందని భయపడ్డానా? పోయేది కాదేమో. నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. నాకు తెలియనిది కూడా ఉందని అందరికీ తెలిసిపోతుందని భయపడ్డాను. దానికోసం ఆమె కూడు తీశాను. చర్చిలో "తలకిందుల ఎస్తేరు" అనే పేరు పడింది. ఆమె వెనక చాపల మీదికి మారిందని, ఆనక రావడమే మానేసిందని విన్నాను.

నేనూ లైబ్రరీకి వెళ్ళడం మానేశాను.

కిందటేడు ఆమె బస్టాండులో కనబడింది. నక్కపల్లి బస్సు కిటికీ దగ్గర కూర్చుంది. అక్కడ చెల్లెలింట్లో ఉండి జాకెట్లు కుడుతోందట. "ఇంకా సదువుతున్నావా, లైబ్రరీ మాస్టారూ?" అంది. వెక్కిరింత కోసం ఆ గొంతులో వెతికాను. దొరకలేదు.

"చదువుతున్నానక్కా" అన్నాను. బస్సు కదిలింది.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? కిటికీ పట్టుకుని రెండడుగులు నడిచినా సరిపోయేది.

ఈరోజు కాగితం బయటికి తీసి చూశాను. మడతల దగ్గర చిరుగుతోంది. టిక్కులు చెరగలేదు. లెక్కపెట్టాను, వేలు పెట్టి, ఒక్కొక్కటీ. పదహారు. నేనిచ్చిన కాగితం ఇదే. పదహారు తీగలనూ ఎస్తేరక్క ఇందులో ఉన్నట్టే కట్టింది. తలకిందులు చేసింది నేను.