ఎడమ కాలి కొలత

ఆ రోజూ సీతారామరావు మంచం దిగకముందే ఎడమ కాలికి డాక్టరిచ్చిన బిగుతు సాక్సు తొడుక్కున్నాడు. పాదం నుంచి మోకాలి దాకా ముడత లేకుండా అరచేత్తో నిమిరి, "బిందూ, టీ ఎట్టమ్మా" అన్నాడు. మధ్యాహ్నానికి గుండె ఆగిపోయింది. కాలి జబ్బుకీ దీనికీ సంబంధం లేదన్నారు డాక్టర్లు. కూతురు బిందుప్రియకు మాత్రం ఆ అరచెయ్యే గుర్తుండిపోయింది. గుడ్డ మీద సుద్దగీత పెట్టేముందు కూడా నాన్న అలాగే నిమిరేవాడు.

ఆయన ఉత్తరాదిన ఓ ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్లో, బిష్టుపూర్ బజారులోని ఒక టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టర్. రోజంతా నిలబడి చేసే పని. పిక్క మీద నరాలు తాళ్లలా మెలితిరిగి ఉబ్బినా లెక్కచెయ్యలేదు. చీలమండ పక్కన పడ్డ పుండు ఎంతకీ మానకపోయేసరికి బెదిరాడు. అది మానకపోతే కత్తెర వదిలెయ్యాల్సిందే. బిందుప్రియను తోడు తీసుకుని ఆస్పత్రికి వెళ్లాడు.

అక్కడి డాక్టర్ దేవిశ్రీ అదే ఊళ్లోని గోల్‌మురి పేట తెలుగువాళ్ల అమ్మాయి. "ఎన్నాళ్ల నుంచి అంకుల్?" అని అడిగింది.

"ఈమధ్యేనమ్మా."

నిలబెట్టి స్కాన్ తీస్తూ పిక్క నొక్కి వదిలింది. తెర మీద రక్తం నీలంగా పైకెగసి, వెంటనే ఎర్రగా కిందికి జారింది.

"ఏటమ్మా, ఎల్లింది మల్లీ ఎనక్కొచ్చేత్తంది?"

"నరంలో చిన్న తలుపులుంటాయి. రక్తం పైకెళ్లగానే మూసుకోవాలి. మీవి మూసుకోవట్లేదు."

కుడి కాల్లో బాగున్న నరం చూపించింది. కనురెప్పల్లాంటి రెండు పల్చటి పొరలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. సీతారామరావు కళ్లార్పకుండా చూశాడు.

"పుట్టిన కాడి నుంచీ ఇలగే ఆడతన్నాయా! ఎవులు కుట్టారమ్మా ఈటిని!"

పాడైన నరాన్ని లేజరుతో మూసేశారు. రక్తం మిగతా మంచి నరాల్లోంచి వెళుతుందని చెప్పి, సాక్సు ఇచ్చి పంపారు. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లేసరికి పుండు అలాగే ఉంది. దేవిశ్రీ సాక్సు తిరగేసి చూసింది. చీలమండ దగ్గర కత్తిరించి, సాగే గుడ్డముక్క అతికి, వదులు చేసి ఉంది.

"అంకుల్, యే క్యా కియా ఆప్‌నే? ఏం చేశారిది?"

"అక్కడ మరీ బిగుతమ్మా. ఎవడో కటింగు తెలీనోడు సేసినాడు. నాను సరిజేసినాను."

"నాన్నా, అది పేంటు కాదు!" అని బిందుప్రియ తల పట్టుకుంది.

దేవిశ్రీ నవ్వాపుకుంది. "అడుగునే బిగుతు ఎక్కువుండాలి అంకుల్. పైకెళ్లేకొద్దీ తగ్గాలి. ఆ నొక్కుడే రక్తాన్ని పైకి తోస్తుంది."

ఆయన కొత్త సాక్సు అందుకున్నాడు. కళ్లు మూసుకుని, రెండు వేళ్ల మధ్య కింద నుంచి పైదాకా లాగి చూశాడు. ఇంకొకరి పనితనాన్ని మెచ్చుకోవడం ఆయన నోట ఎన్నడూ వినలేదు బిందుప్రియ.

"నా సర్వీసులో ఇలాటి కటింగు సూళ్లేదు" అన్నాడు మెల్లగా.

పుండు మానింది. మళ్లీ కత్తెర పట్టాడు, చివరిదాకా వదల్లేదు.

కర్మకాండ అయ్యాక బిందుప్రియ ఆయన బట్టలు ఎవరికైనా ఇద్దామని మడతపెట్టింది. పేంటు కాళ్లు రెండూ ఒకదాని మీద ఒకటి సరిపోలేదు. ఉబ్బిన కాలు బయటపడకుండా ఎడమది కుడిదాని కన్నా వేలెడు ఎక్కువ వెడల్పుగా కత్తిరించి ఉంది. ఇంకోటి తీసింది. అదీ అంతే. అట్టడుగున, తను చిన్నప్పుడు స్కూల్లో బహుమతి తీసుకున్న రోజు ఆయన వేసుకొచ్చిన బూడిదరంగు పేంటు ఉంది.

అదీ అంతే.