సాకు అన్న మాట

ఇది ఏడేళ్ళ కిందటే రాయాల్సింది. అప్పుడు నాకు అక్షరాలు రావు. యాభై దాటాక మా ఊరి అంగన్‌వాడీ టీచరమ్మ దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. తిమ్మాజిపేట బస్టాండులో నన్ను చూసి "లారీ బోర్లేసిన ఈదమ్మ" అని ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను.

కొల్లాపూర్ అవతల కాలువ పని. మార్చి నెలలో క్యాంపులో దిగాను. రేకుల షెడ్లు ఆరు, నీళ్ళ ట్యాంకరు ఒకటి. నీడకు చెట్టు లేదు. పొద్దున ఆరు నుంచి రెండు దాకా డ్యూటీ. నాది రాళ్ళు ఏరే పని. డ్యూటీ అనే మాట మాకు ఫౌజీ అన్న నేర్పాడు. ఆయనది వనపర్తి. మిలిటరీలో ఇరవై ఏళ్ళు మంచుకొండల మీద లారీ తోలి వచ్చాడు. ఇక్కడ పన్నెండు చక్రాల టిప్పర్ డ్రైవరు.

ఒక వారం ఇద్దరు డ్రైవర్లు పని మానేసి పోయారు. ఫౌజీ అన్న నా దగ్గరికి వచ్చాడు.

"ఏం చెల్లె, ట్రాక్టర్ నడిపినవా?"

"మా చేన్ల దున్నిన అన్నా."

"అయితే ఎక్కు."

మొదటి మెట్టే నా నడుమెత్తు ఉంది. ఆయన ఆర్డర్లు మూడు. బ్రేకులు గాలితో పనిచేస్తాయి, గాలి మీటరు ముల్లు పచ్చగీత దాటేదాకా కదలొద్దు. క్లచ్ మీద కాలు ఊరికే ఉంచొద్దు. కనపడని దిక్కుకు బండి పోనీయొద్దు. గేరు రాడ్ మీద అంకెలు అరిగిపోయాయి. ఉన్నా నేను చదవలేను. అరచేతితోనే గుర్తు పెట్టుకున్నాను.

"అది బర్రె కాదు చెల్లె, గట్ల గుంజకు."

పన్నెండో రోజుకు ఖాళీ బండి నడిపాను. ఇరవయ్యో రోజుకు లోడు బండి. క్యాంపు లోపలే కాబట్టి లైసెన్సు ఎవరూ అడగలేదు. నేను పోతుంటే కింద ఆడవాళ్ళు పారలు ఆపి చూసేవారు.

ఎడమ అద్దం పగిలిపోయి ఉంది. సూపర్‌వైజరుకు మూడుసార్లు చెప్పాను.

"అద్దమెందుకే నీకు? ముఖం చూసుకుంటవా?"

ఫౌజీ అన్న సెలవు మీద వెళ్ళిన రోజే కొత్త సిగ్నల్ మనిషి వచ్చాడు. పేరు బసప్ప. గద్వాల అవతల, కర్ణాటక సరిహద్దు ఊరు. కాలువ గట్టు అంచున నిలబడి, వెనక్కి వచ్చే బండికి కేకలు వేసి దారి చూపడం అతని పని.

"సార్, ఎడమ దిక్కు కనపడ్తలేదు. అన్న వచ్చినంక తీస్త," అన్నాను సూపర్‌వైజరుతో.

"సాకులు చెప్పకు. బండి తీయ్."

పదకొండు కావస్తోంది. బండి నిండా రాళ్ళు. రివర్స్ వేశాను. బసప్ప "రానీ, రానీ" అంటున్నాడు. ఉన్నట్టుండి గొంతు మారింది.

"సాకు! సాకు! సాకు!"

ఒళ్ళు మండింది. పొద్దున వచ్చినవాడు, వీడు కూడా నన్ను సాకులు చెప్పేదాన్నంటాడా అనుకున్నాను. ఇంకా గట్టిగా తొక్కాను.

గట్టు కుంగింది. బండి పక్కకు ఒరిగింది. రాళ్ళు దొర్లాయి. దూకి పరిగెత్తాను. బసప్ప మోకాలి దాకా రాళ్ళ కింద ఉన్నాడు. అరచెయ్యి ఇంకా పైకే ఎత్తి ఉంది, బండిని ఆపుతున్నట్టు.

"సాకంటిని కదక్కా... చాలంటిని..."

వాళ్ళ దిక్కు సాకంటే చాలు. కన్నడ మాట. గద్వాల పిల్లకు కూడా తెలుస్తుంది. నాకు తెలియదు.

మధ్యాహ్నం మూడింటికి సూపర్‌వైజరు కాగితం ముందు పెట్టాడు.

"ఏం రాసిండ్రు సార్?"

"నీకేం కాకుండ రాసిన. చదివితే నీకు సమజైతదా? వేలు పెట్టు."

పెట్టాను. జిరాక్సు ఒకటి చేతికిచ్చి, అదే రోజు బస్సెక్కించాడు.

మొన్న రేషన్ కార్డు కోసం డబ్బా తీస్తే ఆ జిరాక్సు కనపడింది. కూడబలుక్కుని చదివాను. "సిగ్నల్ మనిషి తాగి ఉన్నాడు. ఆపమని ఒక్క కేక కూడా వేయలేదు. నేను కళ్ళారా చూశాను." కింద నా వేలిముద్ర. అద్దం మాట ఎక్కడా లేదు.

ఫౌజీ అన్నకు ఫోన్ చేశాను.

"నువ్వే చెప్పినవనుకున్న చెల్లె," అన్నాడు. "వాని కాలు తీసేసిండ్రు. తాగుబోతని ఇంటికి పంపిండ్రు. అడిగిన ప్రతోనికీ నీ వేలిముద్రే చూపెట్టిండ్రు."

ఏడేళ్ళుగా ఆయన నాతో ఎందుకు మాట్లాడలేదో అప్పుడు తెలిసింది. బండి నడపడానికి పనికొచ్చిన నా చెయ్యే ఒక మనిషిని తాగుబోతును చేయడానికి కూడా పనికొచ్చింది. ఆ సూపర్‌వైజరును తిట్టడానికి నాకు వచ్చిన అక్షరాలు చాలలేదు. అయినా జరిగింది రాయడానికి చాలాయి. పొద్దుగూకేలోపు ఒక పేజీ నిండింది.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే గద్వాల వెళ్ళి, అక్కడ ఫౌజీ అన్న చెప్పిన ఊరికి ఆటో ఎక్కాను. బసప్ప అరుగు మీద ఉన్నాడు, పక్కన చంకకర్ర. నన్ను గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు. నేను రాసిన పేజీ తీసి నిలబడే చదివాను.

"బసప్ప తాగలేదు. బసప్ప అరిచాడు. మూడుసార్లు అరిచాడు. బండికి అద్దం లేదు. ఆ మాట తెలియక నేను తొక్కాను..."

అతను అరచెయ్యి పైకెత్తాడు. అదే చెయ్యి.

"సాకక్కా, సాకు."

ఈసారి ఆ మాట నాకు తెలుసు. అయినా ఆపలేదు. చివరిదాకా చదివి, అతని కళ్ళ ముందే కింద నా పేరు రాశాను.