బియ్యం మూట మీద కుడికాలు

పుంగనూరులో మా రెడ్డెమ్మత్త అంగడికి పోతే ముందు కనిపించేది ఆమె కాదు, ఆమె కుడికాలు. బియ్యం మూట మీద ఆ కాలు పెట్టి, ఒళ్లు బరువంతా ఎడమకాలి మీద వేసి, సరుకులు తూస్తూ నిలబడేది. మామ పోయి అంగడి తన చేతికి వచ్చినప్పటి నుంచీ అదే వాటం. ఆమె మా నాన్నకు అక్క. ఎదురుగా నోరెత్తను గానీ, ఆ నిలబడే తీరు చేసి చూపించి వీధి వీధినీ నవ్వించేవాణ్ణి.

పోయినేడు ఆమెకు ఎడమవైపు నొప్పి పట్టుకుంది. ఎక్కడని అడిగితే నడుము కిందుగా, పిరుదు మొదలయ్యే చోట ఒక్క వేలు పెట్టి చూపించేది. మెట్టెక్కితే పోటు, మంచం మీద పక్కకు తిరిగితే పోటు. కుప్పంలో బైకు సామాన్ల అంగడి పెట్టుకున్న కొడుకు ఉమాశంకర్ వచ్చి, ఈ అంగడిని సెల్‌ఫోన్ల వాడికి బాడుగకిచ్చి అమ్మను తీసుకుపోతానన్నాడు. అత్త ఒప్పుకోలేదు. వాదించి వాదించి ఒక మాట మీదికొచ్చారు. ఉగాది ముందటి సంతరోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె నిలబడి బేరం చేయాలి. చేస్తే అంగడి ఉంటుంది. మధ్యలో కూలబడితే తాళంచెవి కొడుక్కి.

మావాళ్లకు నడుము నొప్పంటే తెలిసిన వైద్యం ఒకటే, ఎదురుకాళ్లతో పుట్టినవాడు తొక్కాలి. మా ఇంట్లో అట్లా పుట్టినవాణ్ణి నేనే. చదివి తెచ్చుకోలేని డిగ్రీ పుట్టుకతో వచ్చింది. నేను తొక్కాక లేచి నడిచినవాళ్లున్నారు, తొక్కకపోయినా లేచేవాళ్లేమో. అత్త బోర్లా పడుకుంది, తొక్కాను. లేచి గోడ పట్టుకుని నాలుగడుగులు వేసి, "నీ కాలు మంచిదేరా హరీషా, నా నొప్పే మాట వినేది కాదు" అంది.

మరునాడు మదనపల్లె బస్సెక్కించాను. అక్కడ చంద్రిక అనే ఫిజియోథెరపిస్టు ఊరికే నిలబడమంటే, అత్త చుట్టూ చూసి, స్టూలు లాక్కుని కుడికాలు దాని మీద పెట్టింది. చంద్రిక నవ్వేసింది. పడుకోబెట్టి, మోకాలు మడిచి, అక్కడా ఇక్కడా ఒత్తి చూసింది. ఒకచోట అత్త పళ్లు బిగించింది.

"నొప్పి నడుములో లేదమ్మా. వెన్నెముక అడుగు ఎముక తుంటి ఎముకతో కలిసే కీలుండాది సూడు, ఆడ."

తర్వాత మోకాలికి అరచెయ్యి అడ్డం పెట్టి నెట్టమంది. అత్త దాన్ని కుస్తీ అనుకుని నెట్టిన నెట్టుకు చంద్రిక గోడ దాకా పోయింది. బలం చూపించొద్దని, కొంచెమే నెట్టి వదలమని బతిమాలి, మెల్లగా ఆ కీలును సర్దింది. తన చేతులతో నొప్పి తగ్గుతుంది గానీ, అది నిలవాలంటే ఇంట్లో కసరత్తు చేయాలని, ఒంటికాలి మీద నిలబడకూడదని, తొక్కుళ్లు వద్దని చెప్పింది. చివరి మాటకు నావైపు చూసింది. నేను నా పాదాలను ఎవరివో అన్నట్టు చూశాను.

తిరిగొచ్చేటప్పుడు సగం దారిలోనే నొప్పి మళ్లీ వచ్చింది. నేను డీలా పడ్డాను.

"ఇన్నేండ్లు వంకరగా నిలబడితిని. ఒక్క పూటకే పోతాదా?" అంది అత్త.

ఆ తర్వాత వారం వారం మదనపల్లె పోయింది. మోకాళ్ల మధ్య బంతి పెట్టి నొక్కమంటే, అంగట్లోని టెంకాయకు తువ్వాలు చుట్టి నొక్కింది. కసరత్తు అయ్యేదాకా బేరానికి వచ్చినవాళ్లు ఆగాల్సిందే.

మాట విననిది కాలొక్కటే. ఆమెకు తెలియకుండానే మూటెక్కేది. తిట్టినా దిగేది కాదు. ఒకరోజు నేను వెంకటేశ్వరస్వామి క్యాలెండరు చించి ఆ మూటకు అంటించాను. కాలు లేచింది, గాల్లో ఆగింది. అత్త లెంపలు వేసుకుని, నా ఏడు తరాలనూ తిట్టింది, తన తరం కూడా అందులోనే ఉందని మరిచి. బొమ్మను మాత్రం తియ్యనివ్వలేదు.

సంతరోజు ఉమాశంకర్ సెల్‌ఫోన్ల వాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. వాడు టేపుతో గోడలు కొలిచాడు. అత్త వాడికి అడ్డం రాలేదు, చూడనూ లేదు. మధ్యాహ్నానికి జనం విరగబడ్డారు. ఎండ వాలేసరికి ఆమె ముఖం పాలిపోయింది. రెండు చేతులూ బల్లకు ఆనించి, రెండు పాదాలూ సమంగా నేలకు ఆనించి, చంద్రిక నేర్పినట్టు కడుపు బిగబట్టి నిలబడింది. ఉమాశంకర్ చూడలేక కుర్చీ తెచ్చాడు.

"సాలమ్మా, కూసో. పందెం లేదు, ఏం లేదు."

"నువ్వు కూసో నాయనా, పొద్దున్నించీ నిలబడుండావు. నాకు రెండు కాళ్లుండాయి."

అతను కూర్చోలేదు. ఏమనుకున్నాడో, సెల్‌ఫోన్ల వాణ్ణి బయటికి తీసుకుపోయి ఏదో చెప్పి పంపించేసి వచ్చాడు. అప్పటికి దీపాలు పెట్టే వేళయింది. నిమ్మనపల్లె ఆమె ఎవరో అరకిలో చింతపండు అడిగింది. అత్త తూచి, కాగితం కొడుకు ముందుకు తోసి, పొట్లం కట్టమంది.