తడి ఎడారిలో వెనక చప్పుడు

ఎవరైనా దెయ్యాల మాట ఎత్తితే లేచి టీ పెట్టుకోవడానికి వెళ్లిపోయే మనిషిని నేను. గ్లాస్గోలో బస్సులకు టైమ్‌టేబుల్ వేయడం నా ఉద్యోగం. ఆ లెక్కలు ఏ కాలేజీలోనూ చదవలేదు, సొంతంగా నేర్చుకున్నాను. మ్యాపు, దిక్సూచి పట్టుకుని కొండల్లో దారి లెక్కగట్టడం కూడా అలాగే వచ్చింది. లెక్కకు అందనిదాన్ని నమ్మే అలవాటు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అయినా ఇది జరిగింది.

డాక్టర్ ఓబులేసుగారిది అనంతపురం. ఇక్కడి ఒక ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు ఒకే మెట్టు మీద ఉండిపోయారు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు పై మెట్టెక్కి కన్సల్టెంట్లయ్యారు, ఆయన కాలేదు. డ్యూటీల జాబితాలో క్రిస్మస్ డ్యూటీ మాత్రం ఏటా ఆయనకే వచ్చేది. భార్య ఏనాడో పోయింది. సెలవు దొరికితే మేమిద్దరం ఉత్తరాన ఉన్న ఒక పెద్ద బీడు మీద నడిచేవాళ్లం. రోజంతా నడిచినా అక్కడ ఒక ఇల్లుగానీ చెట్టుగానీ కనిపించదు. నాచు, బురద, నల్లటి నీటి గుంటలు, అంతే.

"ఇది మా అనంతపురమే అప్పా. ఎవురో నానబెట్టి మర్చిపోయినారు," అనేవారు.

పొగమంచు కమ్మితే నేను ముందు నడిచేవాణ్ణి. ఆయన దిక్సూచి పట్టుకుని, నేను పక్కకు పోతున్నానేమో చూస్తూ వెనక వచ్చేవారు. ఆ గాలిలో కేక వినపడదు. అందుకని చేతికర్రతో తన స్టీలు ఫ్లాస్కు మీద కొట్టేవారు. ఒక దెబ్బయితే ఎడమకు జరగాలి, రెండయితే కుడికి. చప్పుడు లేకపోతే దారి సరిగ్గా ఉన్నట్టు. నేను వినిపించుకోకపోతే విసుగ్గా, ఇంకా గట్టిగా కొట్టేవారు.

2003లో ఆయన గుండెపోటుతో పోయారు. ఆసుపత్రివాళ్లు ఒక కార్డు పంపారు. పండగ పండక్కీ ఆయన ఇంట్లో భోంచేసిన తెలుగువాళ్లలో దహనానికి వచ్చినవాళ్లు ఒక కారులో పట్టేంతమంది. చాలామందికి ఆ రోజే ఏవో పనులు పడ్డాయి.

తన అస్థికలు ఆ బీడు మధ్య ఉన్న చెరువులో కలపమని ఆయన ఎప్పుడో చెప్పి ఉన్నారు. ఒక్కడే కొడుకు కిరణ్, లండన్ దగ్గర హారోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం.

"అంకుల్, ఈ వీకెండ్ మాకు రిలీజ్ ఉంది. ఆ ప్లేస్ కూడా మీకే కదా తెలుసు. మీరు చేసేయండి, ప్లీజ్," అన్నాడు.

కొడుకు చేయాల్సిన పని అది. ఆ మాట అని లాభం లేదు.

దహనశాలవాళ్లు అస్థికలు పోసి ఇచ్చిన ప్లాస్టిక్ జాడీ దుకాణంలో బిస్కెట్ల సీసాలా ఉంది. మనసొప్పక, ఆయన వంటింట్లో కందిపొడి పోసుకునే స్టీలు డబ్బా కడిగి అందులో పోశాను. వీపు మీది బ్యాగులో నా భోజనం ఉంది. అన్నంతో కలిపి అస్థికలు మోయకూడదు కాబట్టి డబ్బాను తువ్వాలులో గట్టిగా చుట్టి, గుడ్డసంచిలో పెట్టి, కుడిపక్కకు వేలాడేసుకున్నాను. ఆయన కర్ర కూడా తీసుకున్నాను.

వెళ్లేటప్పుడు ఎండ ఉంది. దిక్సూచి తీయాల్సిన పనే పడలేదు. నీళ్లలో దిగి, తెలిసిన నాలుగు ముక్కలు చదివి, అస్థికలు కలిపాను. కర్రను ఒడ్డున పాతాను. కర్ర ఎప్పటికైనా మట్టిలో కలుస్తుంది. స్టీలు డబ్బా కలవదు. పాత్రను వెనక్కి తేకూడదని తెలుసు, కానీ ఆ చోట చెత్త పడేయడం ఆయనకు నచ్చదు. మళ్లీ చుట్టి సంచిలో పెట్టుకున్నాను. ఇంటికి చేరేదాకా వెనక్కి తిరిగి చూడకూడదు కాబట్టి, చూడకుండా నడిచాను.

కాసేపటికే పొగమంచు దిగసాగింది. మామూలుగా అయితే బయలుదేరిన చోటును వెనక్కి చూసి, దిక్సూచితో దారి సరిచూసుకోవాలి. ఆ రోజు అది కుదరదు. దిక్సూచి ముల్లునే నమ్ముకుని నడిచాను.

వెనక టంగుమంది. ఒకటే దెబ్బ.

డబ్బా మూత అనుకున్నాను. సంచిని చేత్తో అదిమిపట్టి నడిచాను. మళ్లీ ఒకటి. చప్పుడు సంచిలోంచి కాదు, వెనక నుంచి, ఆయన ఎప్పుడూ ఉండేంత దూరంలోంచి వచ్చింది. ముల్లు నేరుగా పొమ్మంటోంది. నేను పరికరాన్ని నమ్మేవాణ్ణి. నేరుగానే వెళ్లాను. మూడోసారి గట్టిగా, విసుగ్గా మోగింది. మరుక్షణం కుడికాలు మోకాలిదాకా దిగబడింది. పొగమంచు కొంచెం పలచబడితే, రెండు బారల దూరంలో నల్లటి నీళ్లు, వాటికి అవతలి ఒడ్డు కనబడలేదు.

కాలు లాక్కోవడానికి చాలాసేపు పట్టింది. పక్కకు తిరిగి పాకాను గానీ వెనక్కి చూడలేదు. భయపడి కాదు. ఆయన కోసం పద్ధతిగా ఈ ఒక్క పనైనా చేయడానికి ఇంకెవరూ లేరు. అది కూడా సగంలో చెడగొట్టదలుచుకోలేదు.

దిక్సూచి జేబులో పడేశాను. ఒకటి మోగితే ఎడమకు, రెండు మోగితే కుడికి, మోగకపోతే నేరుగా. అలా నడిచి సాయంత్రానికి రోడ్డెక్కాను.

మర్నాడు కిరణ్ ఫోన్ చేశాడు. "అంతా ఓకేనా అంకుల్? ఒక ఫోటో తీశారా?"

"లేదు బాబూ. వెనక్కి చూడకూడదు కదా."

"ఓ. ఓకే. థాంక్స్ అంకుల్."

అంతే. పెట్టేశాడు.

ఆ తర్వాత దిక్సూచి పాడైందేమోనని టేబుల్ మీద పెట్టి చూశాను. బాగానే ఉంది. పక్కన స్టీలు డబ్బా పెట్టాను. ముల్లు డబ్బా వైపు తిరిగింది. దారి పొడుగునా ఆ డబ్బాయే ముల్లును కుడికి లాగింది. ఎప్పుడూ ఆయన చేతిలో ఉండే దిక్సూచి నా చేతికి వచ్చేసరికి ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. సరే, అది లెక్కకు అందింది.

చప్పుడు అందలేదు. కర్ర చెరువు ఒడ్డున ఉంది. ఆయన పోయాక నేను తెచ్చుకున్న ఫ్లాస్కు మా ఇంట్లో అలమరలో ఉంది. ఆ నేలంతా మెత్తటి నాచు, ఏదైనా తగిలి మోగడానికి ఒక రాయి కూడా లేదు.

రోడ్డెక్కాక చప్పుడు ఆగిపోయింది, మళ్లీ ఎప్పుడూ వినపడలేదు. చప్పుడు లేకపోతే దారి సరిగ్గా ఉన్నట్టని మా మధ్య ఒప్పందం. నా దారి సరిగ్గానే ఉందో, ఆయన నన్ను వదిలేసి వెళ్లిపోయారో, ఎన్నిసార్లు లెక్కేసినా తేలడం లేదు.