కుండీలో సవతి

పెళ్ళయి అమెరికా వచ్చిన కొత్తలో, 2009లో జరిగిందిది. అల్ఫారెట్టాకి ఉత్తరాన కొండవాలులో మా ఇల్లు. పెరట్లో కుండీలో పెంచుకునే కరివేపాకు చెట్టంటే మావారికి ప్రాణం. పోపులోకి రెండు రెబ్బలు తుంచినా, "పాపం, ఇంకా చిన్నది!" అని విలవిల్లాడేవారు. నన్ను చూసి ఒక్కసారైనా "పాపం" అన్న మనిషి కాదు.

ఆ సాయంత్రం ఉన్నట్టుండి చలి ముదిరి, సన్నగా మంచు రాలడం మొదలైంది. ఆఫీస్ నుంచి వస్తూ దారిలో ఆయన ఫోన్: "స్నో పడుతోంది, అర్జెంటుగా చెట్టుని లోపల పెట్టు!"

కుండీ ఎత్తుకుని పెరటి మెట్లెక్కుతుంటే కాలు జారి వెల్లకిలా పడ్డాను. అప్పుడే కారు దిగిన ఆయన పరుగెత్తుకొచ్చి, నా చేతుల్లోంచి చెట్టుని అందుకుని, "కొమ్మ విరగలేదు కదా?" అన్నారు.

"విరిగింది నా నడుం!" అని అరిచాను.

ఆ పూట ఆయనే చారు పెట్టి మంచం దగ్గరికి తెచ్చారు. గిన్నె నిండా కరివేపాకే! నాకోసం అంత తుంచారా అని కళ్ళు చెమర్చాయి.

తెల్లారి లేచి చూద్దును కదా, హీటర్ పక్కన నా శాలువా కప్పుకుని చెట్టు, దాని ముందు చతికిలబడి ఆయన.

"సారీరా బంగారం, నిన్న తప్పలేదు," అంటున్నారు.

ఆ చెట్టిప్పుడు నాకంటే పొడుగు. ఆ పిలుపు మాత్రం నాకింకా దక్కలేదు.